తీర్పు తీర్చకుడి అన్న వాక్యం, స్వలింగ సంపర్కం: సంఘంలో ఎవరు ఎవరికి ఎంతవరకు చెప్పవచ్చు?

యువజన_సేవ

అందరికీ వందనాలు. 16 నుంచి 25 ఏళ్ల వయసువాళ్ళకు స్వలింగ సంపర్కం మీద రెండు గంటల పాఠం సిద్ధం చేస్తున్నాను. ఈ అంశం ఎత్తగానే రెండు చోట్ల చర్చ చిక్కుపడుతుంది. ‘తీర్పు తీర్చకుడి’ అని ప్రభువే చెప్పాక సంఘం దీన్ని పాపం అని ఎలా అనగలదు అనేది ఒకటి. పాపమే అనుకున్నా ఆ మనిషితో మన నడవడి ఎలా ఉండాలి అనేది రెండోది. వాక్యం, సంఘచరిత్ర, కాపరత్వం తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. సొంత సాక్ష్యాలు ఇక్కడ వద్దు, వాటికి వేరే చర్చ పెట్టుకుందాం.

బెరయవాసి

ముందు మత్తయి 7ను మొదటి వచనం దగ్గర ఆపకుండా చదివించండి. 1వ వచనం తీర్పు తీర్చవద్దంటుంది. 2వ వచనం కారణం చెబుతుంది: ఏ కొలతతో కొలుస్తావో అదే కొలత నీకూ. 3, 4 వచనాల్లో దూలం, నలుసు. చాలామంది అక్కడితో పుస్తకం మూసేస్తారు. కానీ 5వ వచనంలో ప్రభువు నలుసును అలాగే ఉండనివ్వమనలేదు. ముందు నీ కంట్లో దూలం తీసుకో, అప్పుడు సహోదరుడి కంట్లో నలుసు తీయడానికి నీకు తేటగా కనబడుతుంది అన్నాడు. ఏది ముందు, ఏది తర్వాత అనేదే అక్కడ అసలు సంగతి. అదే అధ్యాయం 15 నుంచి 20 వరకు, అబద్ధ ప్రవక్తలను వాళ్ళ ఫలాలను బట్టి గుర్తుపట్టమన్నాడు. యోహాను 7:24లో పైకి కనబడేదాన్ని బట్టి కాకుండా న్యాయమైన తీర్పు తీర్చమన్నాడు. కాబట్టి మంచిచెడ్డలు తేల్చుకోవడమే తప్పు అన్న అర్థం ఆ వాక్యంలో లేదు.

మూడు పనులను విడదీసి చూపిస్తే సగం గొడవ తీరుతుంది. ఒక పని తప్పో ఒప్పో వాక్యాన్ని బట్టి తేల్చుకోవడం మొదటిది. ఇది ప్రతి విశ్వాసీ చేయాల్సిందే. సంఘంలో ఉన్న ఒక మనిషిని సరిదిద్దడం రెండోది. దీనికి బైబిలు చాలా కట్టుబాట్లు పెట్టింది. మత్తయి 18:15-17 ప్రకారం ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్ళాలి, ఆ తర్వాతే సంఘానికి చెప్పాలి. గలతీ 6:1 సాత్వికమైన మనసుతో చెయ్యమంటుంది, నువ్వూ శోధనలో పడతావేమో చూసుకో అని కూడా అంటుంది. 1 కొరింథీ 5:12 ప్రకారం సంఘం వెలుపల ఉన్నవాళ్ళు మన పరిధిలోకే రారు. ఇక ఆ మనిషి దేవుని ఎదుట నిలుస్తాడా పడిపోతాడా అని తేల్చేయడం మూడోది. అది మన చేతిలో లేదు.

మన దగ్గర జరిగేది ఏమిటంటే, మొదటి పనికి ఉన్న అధికారం చూపించి మూడో పని చేసేస్తాం. రెండోదాని కట్టుబాట్లు మాత్రం ఒక్కటీ పాటించం.

ప్రశ్నించే_తోమా

బ్రదర్, మూడోది మన చేతిలో లేదనడానికి ఆధారం ఏది? 1 కొరింథీ 6:9, 10లో ఇలాంటివాళ్ళు దేవుని రాజ్యానికి వారసులు కారని పౌలు పట్టీ వేసి మరీ రాశాడు కదా. అది చివరి తీర్పు కాదా?

బెరయవాసి

ఆధారం రోమా 14:4, యాకోబు 4:12. రెండింటిలోనూ అడిగేది ఒకటే: తీర్పు తీర్చడానికి నీవెవడవు?

పౌలు వేసిన పట్టీకి ముందు ఏముందో చూడండి. 1 కొరింథీ 6 మొదటి ఎనిమిది వచనాలు విశ్వాసులు ఒకరిమీద ఒకరు కోర్టులకెక్కడం గురించి. ఆ కోపం మీదే పౌలు పట్టీ ఎత్తుకున్నాడు. అందులో స్వలింగ సంబంధాలతో పాటు దొంగలు, లోభులు, తాగుబోతులు, దూషకులు, దోచుకునేవాళ్ళు ఉన్నారు. 11వ వచనంలో ‘మీలో కొందరు అట్టివారై యుంటిరి’ అని వినేవాళ్ళనే చూపించాడు. అంటే అది సంఘం లోపల అందరికీ కలిపి చేసిన హెచ్చరిక. హెచ్చరిక వినిపించడం ఒక పని. ఫలానా వాళ్ళ అబ్బాయి నరకానికి పోతాడు అని పేరు పెట్టి చెప్పడం ఇంకో పని. లోభి విషయంలోనో నోటి దురుసు మనిషి విషయంలోనో ఆ రెండో పని మనం ఎన్నడూ చేయం. ఈ తేడాను యువజనులు ఇట్టే పట్టేస్తారు, అందుకే మన మాట నమ్మరు.

నలుసు_దూలం

రోమా పత్రికలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి, పాఠానికి గుండెకాయ ఇదే.

అధ్యాయాల విభజన 13వ శతాబ్దం ఆరంభంలో స్టీఫెన్ లాంగ్టన్ చేశారు. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల అంకెలు రాబర్ట్ ఎస్టియెన్ 1551లో పెట్టినవి. పౌలు రాయించిన ఉత్తరంలో 1:32కూ 2:1కూ మధ్య ఏ గీతా లేదు. 1:18 నుంచి చూడండి: దేవుణ్ణి ఎరిగి కూడా మహిమపరచలేదు, విగ్రహాలు చేసుకున్నారు, దానివల్ల కోరికలకు అప్పగించబడ్డారు. 26, 27 వచనాల్లో స్త్రీలు స్త్రీలతో, పురుషులు పురుషులతో అన్న ప్రస్తావన. 29 నుంచి 31 వరకు ఇంకో ఇరవై దాకా పాపాలు: లోభం, మత్సరం, కలహం, కపటం, కొండేలు చెప్పడం, అపవాదాలు వేయడం, గొప్పలు చెప్పుకోవడం, తలిదండ్రుల మాట వినకపోవడం.

ఈ వరస ఆనాటి యూదులకు కొత్త కాదు. సొలొమోను జ్ఞానగ్రంథం (కాథలిక్ బైబిల్లో ఉన్న పాత యూదు గ్రంథం) 13, 14 అధ్యాయాల్లో అన్యజనుల మీద దాదాపు ఇదే ఆరోపణ ఉంది: విగ్రహాలతో మొదలై లైంగిక అక్రమాల దాకా. రోమాలో ఈ ఉత్తరం చదువుతుంటే విన్నవాళ్ళలో కొందరు ‘అవును, వాళ్ళు అలాంటివాళ్ళే’ అని తల ఊపి ఉంటారు. సరిగ్గా అప్పుడు 2:1 వస్తుంది: ‘కాబట్టి తీర్పు తీర్చు మనుష్యుడా, నీవెవడవైనను సరే నిరుత్తరుడవై యున్నావు.’ అక్కడిదాకా ‘వారు’ అంటూ వచ్చిన పౌలు ఒక్కసారిగా ‘నీవు’ అంటాడు. అది 3:23 దాకా సాగి అందరూ పాపం చేశారు అన్న చోట ఆగుతుంది.

1:27 దగ్గర ఆపి పాఠం చెబితే, పౌలు ఎవరిని పట్టుకోవాలనుకున్నాడో వాళ్ళే తప్పించుకుపోతారు. 1:18 నుంచి 2:11 వరకు ఒకరి చేత ఆగకుండా బిగ్గరగా చదివించండి. నాలుగైదు నిమిషాల పని. మధ్యలో ఎవరినీ వ్యాఖ్యానించనివ్వకండి. చదవడం అయ్యాక ఒకే ప్రశ్న: 2:1లో ‘నీవు’ అన్నది ఎవరిని?

ప్రశ్నించే_తోమా

అంటే 2:1 వచ్చి 1:27ను కొట్టేస్తుందా?

నలుసు_దూలం

కొట్టేయదు తోమా గారూ. 1:29లో ఉన్న మత్సరాన్ని, కలహాన్ని ఎలా కొట్టేయలేదో దాన్నీ అంతే. 2:1 చేసే పని వేరు: 1వ అధ్యాయాన్ని పక్కవాడి మీద విసిరే రాయిగా వాడుకోనివ్వదు. ‘పాపం కాదని 2:1 చెబుతోంది’ అనేవాళ్ళూ, ‘1:27 ఉంది కాబట్టి నేను మాట్లాడతా’ అనేవాళ్ళూ ఇద్దరూ సగమే చదువుతున్నారు.

కీర్తన139

ఇక్కడ అందరూ సంప్రదాయ భావాన్నే ముందు పెట్టుకుని మాట్లాడుతున్నారు. వాక్యాన్ని గౌరవిస్తూనే వేరే నిర్ణయానికి వచ్చిన క్రైస్తవులు ఉన్నారని, వాళ్ళ వాదన ఏమిటో కూడా పిల్లలకు సరిగ్గా చెప్పండి.

ఆదికాండం 19లో సొదొమవాళ్ళు చేయబోయింది అతిథుల మీద సామూహిక అత్యాచారం. న్యాయాధిపతులు 19లో గిబియాలో జరిగిందీ అలాంటిదే, అక్కడ బలైంది స్త్రీ. యెహెజ్కేలు 16:49 సొదొమ దోషాన్ని గర్వం, తిండిపుష్టి, సుఖస్థితి, దీనులను ఆదుకోకపోవడం అని చెబుతుంది. లేవీయకాండం 18:22, 20:13 మోషే ధర్మశాస్త్రంలోవి. 20:13లో ఉన్న మరణశిక్షను సంప్రదాయ సంఘాలూ ఇప్పుడు అమలు చేయమనడం లేదు. రోమా 1 విగ్రహారాధన నుంచి పుట్టిన కామం గురించి. జీవితాంతం ఒకరికొకరు కట్టుబడి ఉండే ఇద్దరు పౌలు కళ్ళముందు ఉన్నారా అన్నది ఈ పక్షం వేసే ప్రశ్న. వీళ్ళ గట్టి వాదన అపొస్తలుల కార్యములు 10, 15 అధ్యాయాలు: సున్నతి లేని అన్యజనుల మీద ఆత్మ దిగివచ్చాక, సంఘం తన పాత అవగాహనను మార్చుకుంది.

బెరయవాసి

న్యాయంగా చెప్పారు సిస్టర్. సంప్రదాయ పక్షం జవాబు కూడా దాని బలమైన రూపంలోనే ఉండాలి కాబట్టి రాస్తున్నాను. యెహెజ్కేలు 16:50లో సొదొమ హేయక్రియలు చేసిందనీ ఉంది, యూదా 7వ వచనం లైంగిక పాపాన్నే ఎత్తి చూపుతుంది. అపొస్తలుల కార్యములు 15లో అన్యజనులను చేర్చుకున్న ఆ తీర్మానమే 29వ వచనంలో జారత్వం విసర్జించమని రాసింది. అయితే ఈ పక్షం అసలు నిలబడేది ఆ ఆరేడు వాక్యభాగాల మీద కాదు. మత్తయి 19:4-6లో ప్రభువు ఆదికాండం 1, 2 అధ్యాయాలను ఎత్తి, స్త్రీపురుషుల వివాహాన్ని సృష్టి నుంచే ఉన్న క్రమంగా చూపిన చోట నిలబడుతుంది. పాఠం ఎప్పుడూ లేవీయకాండంతో మొదలెట్టకండి. రెండు రకాల దారాలతో నేసిన బట్ట గురించిన లేవీయకాండం 19:19 ఎవరో ఒకరు తెస్తారు, మిగతా గంట దానికే సరిపోతుంది.

విశ్వాసుల్లో వాడుకలో ఉన్న రెండు పేర్లు కూడా చెప్పండి. స్వలింగ వివాహాన్ని దేవుడు ఆశీర్వదిస్తాడనే క్రైస్తవులను సైడ్ ఎ అంటారు. తమకు ఆ ఆకర్షణ ఉందని దాచకుండా చెబుతూ, బ్రహ్మచర్యంలో ఉండడమే విధేయత అనుకునేవాళ్ళను సైడ్ బి అంటారు. ఈ రెండో రకంవాళ్ళు సంప్రదాయ బోధకే కట్టుబడినా, చాలా సంఘాల్లో వాళ్ళకూ చోటు దొరకదు. అలా తోసేసే సంఘం తాను బోధించేదాన్నే తాను నమ్మడం లేదన్నమాట.

మోడరేటర్

రెండు పక్షాల వాదనలూ వచ్చాయి. సిద్ధాంతం తేల్చడం ఈ చర్చ పని కాదు. రెండో ప్రశ్నకు రండి.

చరిత్ర_పుటలు

రెండో ప్రశ్నకు చరిత్ర నుంచి ఒక ముఖ్యమైన విభజన ఉంది: పాపం వేరు, నేరం వేరు. ఇంగ్లాండులో 1957లో, ప్రభుత్వం వేసిన వుల్ఫెండెన్ కమిటీ, పెద్దలైన ఇద్దరు పురుషులు ఇష్టపూర్వకంగా ఏకాంతంలో చేసేది నేరం కాకూడదని సిఫారసు చేసింది. ఆనాటి కాంటర్బరీ ఆర్చిబిషప్ జెఫ్రీ ఫిషర్ అది పాపమేనంటూనే సిఫారసును సమర్థించారు. తర్వాత వచ్చిన మైకేల్ రామ్సే కూడా పార్లమెంటు ప్రభువుల సభలో అదే వైపు నిలబడ్డారు. 1967లో చట్టం మారింది. 2023 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ ఒక వార్తాసంస్థతో ఇదే చెప్పారు: స్వలింగ సంపర్కులై ఉండడం నేరం కాదు, పాపాన్నీ నేరాన్నీ వేరుచేసి చూడాలి, ఒకరిపట్ల ఒకరు ప్రేమ లేకుండా ఉండడమూ పాపమే.

సంఘాల వైఖరులు క్లుప్తంగా. కాథలిక్ సత్యోపదేశం (ఆ సంఘపు అధికారిక బోధ పుస్తకం) 2357వ పేరా క్రియను తప్పుబడుతుంది. 2358 ఆ వ్యక్తులను గౌరవంతో, కనికరంతో, సున్నితంగా స్వీకరించాలనీ అన్యాయమైన వివక్ష ఏ రూపంలోనూ కూడదనీ అంటుంది. 2359 వాళ్ళను పవిత్రతకు పిలుస్తుంది. మూడూ కలిపి చదవాలి, ఒక్కోవర్గం తనకు నచ్చిన అంకెనే చదువుతుంది. 2023 డిసెంబరు 18న వాటికన్ ఇచ్చిన ప్రకటన, స్వలింగ జంటలు అడిగితే గురువు ఆరాధనక్రమం బయట చిన్న ఆశీర్వాదం ఇవ్వవచ్చంది. వివాహంలా కనబడకూడదని కచ్చితంగా చెప్పింది. ఆ తర్వాతి నెలలో వచ్చిన వివరణలో ఆ ఆశీర్వాదం 10, 15 సెకన్లని కూడా ఉంది.

ఆంగ్లికన్ బిషప్పుల 1998 లాంబెత్ సభ తీర్మానం 1.10 స్వలింగ క్రియ లేఖనానికి పొసగదంది. 526 మంది ఒప్పుకున్నారు, 70 మంది కాదన్నారు. అదే తీర్మానం, ఈ వ్యక్తుల అనుభవాలను వినడానికి మేము కట్టుబడి ఉన్నాం అని కూడా అంది. మొదటి సగం తెలిసినంతగా ఈ రెండో సగం ఎవరికీ తెలియదు. యునైటెడ్ మెథడిస్టులు 1972లో క్రైస్తవ బోధకు పొసగదన్న వాక్యం చేర్చి, 2024లో తీసేశారు. ఈ మధ్యలో అమెరికాలోని వాళ్ళ సంఘాల్లో సుమారు నాలుగో వంతు విడిపోయాయి.

మౌనశ్రోత

యోహాను 8 ఎవరూ ఎత్తలేదేం? వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని తెచ్చినప్పుడు ప్రభువు ‘మీలో పాపము లేనివాడు’ మొదట రాయి వేయాలన్న చోటు. పిల్లలు మొదట అడిగేది అదే.

బెరయవాసి

దాన్ని వాడండి, కానీ తెలుసుకుని వాడండి. యోహాను 7:53 నుంచి 8:11 వరకు అతి ప్రాచీన ప్రతుల్లో లేదు. సినాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ కనబడదు. సంఘం మాత్రం తరతరాలుగా దాన్ని ప్రభువు చేసిన పనిగానే చదువుతోంది. బాగా చదివే కుర్రాడు ఎవరైనా ఈ సంగతి లేవనెత్తితే తడుముకోకుండా ఉండాలని రాస్తున్నాను.

ధర్మశాస్త్రం ప్రకారం అక్కడ ఏం తప్పు జరిగిందో చూపించండి. లేవీయకాండం 20:10, ద్వితీయోపదేశకాండం 22:22 ఇద్దరికీ శిక్ష అన్నాయి. అక్కడికి తెచ్చింది స్త్రీని ఒక్కదాన్నే, పురుషుడు లేడు. ద్వితీయోపదేశకాండం 17:7 ప్రకారం మొదటి రాయి సాక్షులే వేయాలి. ప్రభువు మొదటి రాయి మాట ఎత్తినప్పుడు ఆ నియమాన్నే వాళ్ళ చేతికి తిరిగి ఇచ్చాడు. అందరూ పోయాక రెండు మాటలన్నాడు: నేనూ నీకు శిక్ష విధించను, వెళ్ళి ఇక పాపం చేయకు. మనవాళ్ళలో ఒక పక్షం మొదటి మాట ఉంచుకుని రెండోది వదిలేస్తుంది, ఇంకో పక్షం రెండోది ముందుకు తెస్తుంది. ఆయన వరస మార్చకూడదు. పైగా ఆ రెండో మాట జనం వెళ్ళిపోయాక, ఆమెతో ఒంటరిగా చెప్పింది.

లూదియ

కౌన్సెలింగ్ వైపు నుంచి రాస్తున్నాను. సిద్ధాంతం ఏదైనా సరే, ఒక యువకుడో యువతో మొదటిసారి నోరు విప్పి చెప్పిన ఆ మొదటి పది నిమిషాలు చాలా ముఖ్యం.

ఎదుటివాళ్ళు మాట పూర్తి చేసేదాకా మధ్యలో రాకండి. తర్వాత ‘నన్ను నమ్మి చెప్పినందుకు థాంక్స్, ఇది చెప్పడం తేలిక కాదు’ అనండి. ఆ రోజు వాక్యం తెరవకండి. వాళ్ళు రోమా 1 మీకంటే ఎక్కువసార్లు చదివే ఉంటారు. ఆపైన మూడు ప్రశ్నలు చాలు: ఇంకా ఎవరికి తెలుసు? ఇంట్లో భద్రంగా ఉన్నావా? నా నుంచి ఏం సాయం కావాలి? ‘ఎప్పట్నుంచి’, ‘ఎవరితో’, ‘ఏం చేశారు’ అని అడగవద్దు. ఆకర్షణ, తనను తాను ఏ పేరుతో పిలుచుకుంటున్నాడన్నది, క్రియ: ఈ మూడూ వేరువేరు. ఆకర్షణ ఉందని చెప్పిన అబ్బాయిని క్రియ ఒప్పుకున్నవాడిలా చూడడమే మొదటి అన్యాయం.

ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆ పూట ఒంటరిగా వదలకండి, ప్రార్థన చేసి పంపేయకండి, మానసిక వైద్యుల దగ్గరికి మీరే వెంట వెళ్ళండి. ఇది ఊరికే చెప్పడం లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో కెయిట్లిన్ రయన్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఎదిగే వయసులో ఇంటివాళ్ళ తిరస్కారం తీవ్రంగా ఎదురైన గే, లెస్బియన్, ద్విలింగ ఆకర్షణ గల యువతీయువకులు, తిరస్కారం లేనివాళ్ళకంటే, తక్కువగా ఉన్నవాళ్ళకంటే 8.4 రెట్లు ఎక్కువగా ఆత్మహత్యాప్రయత్నం చేసినట్టు చెప్పారు. తిరస్కారం అంటే గెంటేయడం ఒక్కటే కాదు. స్నేహితులను కలవనివ్వకపోవడం, దేవుడు శిక్షిస్తాడని పదేపదే అనడం కూడా ఆ లెక్కలోవే. తమ నమ్మకం మార్చుకోకుండానే ఇలాంటివి మానేసిన తలిదండ్రులు పిల్లల ప్రాణాలకు మేలు చేసినవాళ్ళవుతారు.

ఇక ఎక్కువగా చెడేది ఎక్కడో చెబుతాను. ప్రార్థన మనవి దగ్గర. ‘ఫలానా వాళ్ళ అబ్బాయి కోసం భారంగా ప్రార్థించండి సిస్టర్, వివరాలు అడగకండి’ అని ఒక మెసేజ్ పెడతారు. ఆ రాత్రికే వివరాలు అందరికీ తెలిసిపోతాయి. చెప్పినవాళ్ళకు తాము తప్పు చేశామని కూడా తట్టదు, ప్రార్థన చేయమనే కదా అన్నాం అంటారు. ఇందాక నలుసు_దూలం గారు చెప్పిన రోమా 1:29లో కొండేలు చెప్పడం ఉంది చూడండి, అది ఇదే. పేరు, ఇంటి గుర్తులు, వయసు, ఏదీ లేకుండా ప్రార్థించడం చేతకాకపోతే ఒంటరిగా ప్రార్థించాలి. కాథలిక్కుల్లో ఒప్పుకోలు రహస్యం ఏ కారణంతోనూ బయటపెట్టరానిదని సంఘచట్టం 983 చెబుతుంది. మిగతా సంఘాల్లో అంత గట్టి కట్టు లేదు కాబట్టి మనమే వేసుకోవాలి.

మౌనశ్రోత

పాపిని ప్రేమించు, పాపాన్ని ద్వేషించు అంటే సరిపోదా అక్కా?

లూదియ

ఆ మాట బైబిల్లో లేదు తమ్ముడూ. తొలినాటి సంఘ బోధకుడు అగస్టీను ఒక కన్యకల మఠానికి రాసిన ఉత్తరంలో, మనుషుల మీద ప్రేమతో, దోషాల మీద ద్వేషంతో అన్న భావం ఉంది. అది ఒకే ఇంట్లో కలిసి బతికేవాళ్ళు ఒకరినొకరు దిద్దుకోవడం గురించి. ఇప్పుడు ఆ మాట ముఖపరిచయం కూడా లేనివాళ్ళ మీద వాడుతున్నారు. వినేవాళ్ళకు ద్వేషం ఒక్కటే చేరుతుంది, ఎందుకంటే ప్రేమ అన్నదానికి చూపించడానికి ఏ పనీ జరగలేదు. ఒక పరీక్ష పెట్టుకోండి: గత నెలలో ఆ మనిషికి భోజనం పెట్టారా, జ్వరమొస్తే పలకరించారా, పండక్కి పిలిచారా? ఏదీ లేకపోతే ఆ వాక్యం పలికే హక్కు రాలేదు.

సంఘ_పెద్ద

నేను సంప్రదాయ బోధ పక్షం. పెద్దల కమిటీల్లో చెడేదాని గురించి రాస్తాను. కేసు వచ్చాక నియమం రాస్తారు. అప్పుడు అది ఒక మనిషి మెడకు సరిపడా రాసినట్టే ఉంటుంది. నియమం ముందే రాయాలి, రెండు పేజీలు చాలు. ఆరాధనకు ఎవరైనా రావచ్చు అన్నది మొదటి వాక్యంగా ఉండాలి. తర్వాత బాప్తిస్మం, ప్రభువు బల్ల, సభ్యత్వం, బోధించే పనులు: ఒక్కోదానికి ఏం కావాలో విడివిడిగా రాయాలి. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే మొదటి నెలలోనే చూపించాలి. మూడేళ్ళు పాటలు పాడనిచ్చి, వంట పనులు చేయించుకుని, నాలుగో ఏట ‘నీకు అర్హత లేదు’ అనడం మోసం.

ఇంకా ముఖ్యమైనది సమాన కొలత. లైంగిక పవిత్రత అని రాస్తే పెళ్ళికాకుండా కలిసి ఉంటున్న స్త్రీపురుషులు, వ్యభిచారం, అశ్లీల వీడియోలు, భార్యను కొట్టడం, అన్నీ అదే పేజీలో రావాలి. విడాకుల తర్వాతి పెళ్ళి మీద మత్తయి 19:9లో ప్రభువు మాట ఎంత కఠినమో తెలిసి కూడా, ఆ కుటుంబాల దగ్గర కనికరంతో సందర్భాలు చూస్తాం. ఇక్కడ మాత్రం సందర్భం చూడం. 1 తిమోతి 5:21 పక్షపాతం లేకుండా చేయమంది. పెద్ద కానుకలిచ్చే కుటుంబం కుర్రాడికి ఒక కొలత, పేద ఇంటి కుర్రాడికి ఒక కొలత పెట్టే కమిటీకి నియమం రాసే అర్హతే లేదు.

ఎవరినైనా క్రమశిక్షణలో పెడితే తిరిగి చేర్చుకునే దారి కూడా ఆ కాగితంలోనే రాయాలి: ఎవరు కలుస్తూ ఉంటారు, ఎన్నాళ్ళకోసారి, ఎప్పుడు ముగుస్తుంది. 2 కొరింథీ 2:6-8లో పౌలు, ఇక ఆ శిక్ష చాలు, ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అన్నాడు.

ప్రశ్నించే_తోమా

మార్పు సంగతో? విడుదల ప్రార్థనతో మారతారని కొన్ని పరిచర్యలు చెబుతాయి కదా.

లూదియ

దీనిమీద జరిగినవి అందరికీ తెలియాలి. 1976లో మొదలైన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ ఒకప్పుడు ఈ పనిలో అతి పెద్ద క్రైస్తవ సంస్థ. దాని అధ్యక్షుడు ఆలన్ చాంబర్స్ 2012లో తాను చూసినవాళ్ళలో 99.9 శాతం మందికి ఆకర్షణ మారలేదన్నారు. 2013 జూన్‌లో క్షమాపణ చెప్పి సంస్థను మూసేశారు. మారవచ్చని చూపడానికి అందరూ ఎత్తిచూపిన, మనోవైద్యుడు రాబర్ట్ స్పిట్జర్ చేసిన అధ్యయనం 200 మంది చెప్పుకున్న మాటల మీద ఆధారపడింది. 2012లో ఆయనే అది తప్పని ఒప్పుకుని క్షమాపణ కోరారు. అమెరికా మనోవైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో స్వలింగ ఆకర్షణను రోగాల పట్టీ నుంచి తీసేశాయి. రోగం కానిదానికి మందిస్తామనే చోటికి పిల్లలను పంపకండి.

దయ్యం పట్టిందని నలుగురు పట్టుకుని గంటల తరబడి కేకలేస్తే ఆకర్షణ పోదు, మళ్ళీ ఎవరికీ చెప్పకూడదని మాత్రం ఆ పిల్లవాడు నేర్చుకుంటాడు. నెల తర్వాత ‘విడుదల పొందాను’ అని సాక్ష్యం చెబుతాడు, ఎందుకంటే ఆ మాట చెబితేనే వదిలిపెడతారు. అన్నిటికంటే హానికరమైనది పెళ్ళి చేస్తే సర్దుకుంటుందనే సలహా. చెప్పకుండా చేసిన ఆ పెళ్ళిలో ఏ పాపమూ ఎరగని ఇంకో మనిషి జీవితం కూడా పోతుంది. దీన్ని మందుగా చెప్పే కాపరి ఆ రెండో మనిషికి జవాబుదారీ. సంప్రదాయ బోధ ప్రకారం చూసినా, అడగాల్సింది పవిత్రత. ఆకర్షణ మారాలని వాక్యం ఎక్కడా షరతు పెట్టలేదు.

యువజన_సేవ

చాలా మేలు చేశారు. రెండు గంటలు ఎలా పంచుకోమంటారు?

నలుసు_దూలం

మొదటి పది నిమిషాలు నియమాలకు: ఎవరి పేరూ ఎత్తకూడదు, జోకులు వద్దు, నటించి చూపించడం వద్దు. గదిలో ఈ సంగతి మోస్తున్నవాళ్ళు కనీసం ఒక్కరున్నారనే అనుకుని ప్రతి వాక్యం మాట్లాడండి. తర్వాత మత్తయి 7కు ఇరవై నిమిషాలు, రోమా 1, 2కు ముప్పై, రెండు పక్షాల వాదనలకు ఇరవై, నడవడికి ఇరవై. మిగతా ఇరవై ప్రశ్నలకు. ప్రశ్నలు చీటీల మీద రాయించండి. అందరికీ ఒకే రంగు కాగితం, ఒకే రకం పెన్నులు ఇవ్వండి. ప్రశ్న లేనివాళ్ళు కూడా ‘ప్రశ్న లేదు’ అని రాసి వేయాలి, లేకపోతే ఎవరు రాశారో పక్కవాళ్ళకు తెలిసిపోతుంది. చీటీలు మీరొక్కరే చదవండి. చేతిరాత గుర్తుపట్టడానికి ప్రయత్నించకండి. తర్వాత చింపేయండి.

సమయం చాలకపోతే వాదనల భాగం కుదించండి, రోమా 2 మాత్రం కుదించకండి.

యువజన_సేవ

ఇంకొక్కటి. పాఠం అయ్యాక ఎవరైనా వచ్చి ‘అది నా సంగతే’ అంటే అదే రోజు పెద్దలకు చెప్పాలా? తలిదండ్రులకు?

లూదియ

ఆకర్షణ ఉందని చెప్పినంత మాత్రాన ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ప్రాణాపాయం ఉంటే, లేదా 18 ఏళ్లలోపు పిల్లలను ఎవరైనా హింసిస్తున్నా వాడుకుంటున్నా, అప్పుడు దాచకూడదు. అప్పుడైనా ఎవరికి, ఏం చెప్పబోతున్నారో ఆ బిడ్డకు ముందు చెప్పి చెప్పండి. హింసించేది ఇంటివాళ్ళే అయితే మొదట వెళ్ళాల్సింది వాళ్ళ దగ్గరికి కాదు. తలిదండ్రులకు చెప్పాలని ఆ పిల్లలే అనుకుంటే ఎప్పుడు, ఎక్కడ, ఎవరు పక్కనుండాలి అనేది వాళ్ళనే నిర్ణయించుకోనివ్వండి. గెంటేస్తే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో ముందే చూసిపెట్టండి. ఈ హద్దులన్నీ పాఠం మొదటి పది నిమిషాల్లోనే గట్టిగా చెప్పేయండి, అది వినే మీ దగ్గరికి రావాలో వద్దో తేల్చుకుంటారు.